డిబేట్ చూసి అభ్యర్థి వైఖరి రాసుకోవడం ఎలా? 2024 ట్రంప్–హారిస్ డిబేట్ ఉదాహరణగా

అమెరికా అధ్యక్ష ఎన్నికల డిబేట్ అయిన గంటలోపే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ మొదలవుతుంది: ఎవరు గెలిచారు? ఎవరి ముఖం మాడిపోయింది, ఎవరు ఎవరి నోరు మూయించారు, ఏ మాట మీద మీమ్స్ వచ్చాయి. ఓటు వేయాల్సిన మనిషికి ఇవేవీ పెద్దగా పనికిరావు. ఈ అభ్యర్థి గెలిస్తే ఇంటి ఖర్చు విషయంలో, వైద్యం విషయంలో, వీసా విషయంలో ఏం చేస్తానంటున్నారు? తెలుసుకోవాల్సింది అది.

ఆ సమాచారం డిబేట్‌లో ఉంటుంది. కానీ సూటిగా దొరకదు. గంటన్నర మాటల్లోంచి బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఓపికగా ఏరుకోవాలి. ఆ ఏరుకునే పద్ధతిని ఇక్కడ వరసగా చెబుతున్నాను. ఉదాహరణగా 2024 సెప్టెంబర్ 10న ఫిలడెల్ఫియాలోని నేషనల్ కాన్‌స్టిట్యూషన్ సెంటర్‌లో ఏబీసీ న్యూస్ నిర్వహించిన డొనాల్డ్ ట్రంప్, కమలా హారిస్ డిబేట్‌ని తీసుకుంటున్నాను. దాన్ని దాదాపు 6.7 కోట్ల మంది టీవీల్లో చూశారు. ఇండియాలో అప్పటికి మర్నాడు పొద్దున 6.30 అయింది, అయినా మన ఊళ్లలో కూడా లేచి చూసినవాళ్లున్నారు. ఆ ఎన్నిక ముగిసిపోయింది, ఫలితం తెలుసు. అందుకే ఇప్పుడు ఆవేశం లేకుండా ఆ డిబేట్‌ని విప్పి చూడొచ్చు. ఎవరికి ఓటేయాలన్నది మీ ఇష్టం. ఇక్కడ చెప్పే పరీక్ష మాత్రం ఇద్దరికీ ఒకటే.

టీవీ పెట్టకముందే మీ అంశాలు రాసుకోండి

ఒక కాగితం తీసుకుని, మీ కుటుంబానికి నిజంగా ముఖ్యమైన మూడు నాలుగు అంశాలు రాయండి. ధరలు, ఇంటి కొనుగోలు, ఆరోగ్య బీమా, ఇమిగ్రేషన్, గర్భస్రావ హక్కు, తుపాకులు, యుద్ధాలు, ఇలా ఏవైనా సరే. ఇది ముందే చేయాలి. లేకపోతే ఏది ముఖ్యమో మీ బదులు యాంకర్లు, అభ్యర్థులు, మర్నాటి క్లిప్పులు నిర్ణయిస్తాయి.

తర్వాత కాగితాన్ని ఐదు గళ్లుగా విడదీయండి. మొదటి గడిలో అడిగిన ప్రశ్న. రెండో గడిలో ఏం చేస్తానన్నారో. మూడో గడిలో ఎంత, ఎప్పటికి. నాలుగో గడిలో ఎవరి అధికారంతో. ఐదో గడిలో ఇదే విషయం మీద పాత మాట, పాత పని. డిబేట్ జరుగుతుండగా మొదటి రెండు గళ్లు నిండితే చాలు. మిగతావి మర్నాడు తీరిగ్గా నింపుకోవచ్చు.

డిబేట్ నియమాలు కూడా ఒకసారి చూసుకోండి. ఆ రోజు ప్రేక్షకులు లేరు. జవాబుకి రెండు నిమిషాలు, ఖండించడానికి రెండు నిమిషాలు. ముందుగా రాసుకున్న కాగితాలు తెచ్చుకోకూడదు, పెన్ను, ఖాళీ ప్యాడ్, నీళ్ల సీసా మాత్రమే ఇచ్చారు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ల మైకు ఆపేయాలన్నది నియమం. ఇవి ఎందుకు తెలియాలంటే, రెండు నిమిషాల్లో పూర్తి ప్రణాళిక చెప్పడం ఎవరివల్లా కాదు. కాబట్టి వివరాలన్నీ చెప్పలేదని తప్పు పట్టకండి. కానీ అవును, కాదు అని చెప్పగలిగిన ప్రశ్నకి రెండు నిమిషాలు ధారాళంగా సరిపోతాయి.

జవాబు కంటే ముందు ప్రశ్నని రాసుకోండి

ఈ పద్ధతి మొత్తానికి ఇదే ఆయువుపట్టు. మాట్లాడే మనిషి గట్టివాడైతే, రెండు నిమిషాలు అయ్యేసరికి అసలేం అడిగారో మనం మర్చిపోతాం. ప్రశ్న కాగితం మీద ఉంటే మర్చిపోవడం కుదరదు.

ఆ రాత్రి మొట్టమొదటి ప్రశ్న ఏబీసీ యాంకర్ డేవిడ్ మ్యూర్ హారిస్‌ని అడిగారు. ఆర్థికంగా చూస్తే అమెరికన్లు నాలుగేళ్ల కిందటి కంటే ఇప్పుడు మెరుగ్గా ఉన్నారని మీరు అనుకుంటున్నారా? మెరుగ్గా ఉన్నారనో, లేరనో, కొందరే ఉన్నారనో చెప్పాల్సిన ప్రశ్న అది. హారిస్ తాను మధ్యతరగతి ఇంట్లో పెరిగానంటూ మొదలుపెట్టారు. పిల్లలున్న యువ కుటుంబాలకి 6,000 డాలర్ల పన్ను తగ్గింపు, కొత్తగా చిన్న వ్యాపారం పెట్టేవాళ్లకి 50,000 డాలర్ల పన్ను మినహాయింపు ఇస్తానన్నారు. ట్రంప్ ప్రణాళిక ధనవంతులకే మేలు చేస్తుందన్నారు. అడిగిన ప్రశ్నకి మాత్రం అవునో కాదో చెప్పలేదు.

ఇక్కడ మీరు రెండు విషయాలు రాసుకోవాలి. ఒకటి, ప్రశ్న పక్కన జవాబు రాలేదని గుర్తు. రెండు, 6,000 డాలర్లు, 50,000 డాలర్లు అన్న రెండు హామీలు. ప్రశ్న దాటేశారు కదా అని హామీలని కొట్టిపారేయకూడదు. హామీలు బాగున్నాయి కదా అని దాటవేతని మర్చిపోనూ కూడదు. మన గ్రూపుల్లో గొడవలన్నీ ఎక్కడ పుడతాయంటే, ఒక వర్గం మొదటిదే పట్టుకుంటుంది, ఇంకో వర్గం రెండోదే పట్టుకుంటుంది.

ఇదే కొలతతో ట్రంప్‌ని చూడండి. దేశంలో పత్రాలు లేకుండా ఉన్న 1.1 కోట్ల మందిని పంపించేస్తానంటున్నారు, అది ఎలా చేస్తారు, ఇల్లిల్లూ తిరుగుతారా అని మ్యూర్ అడిగారు. అడిగింది ఎలా అని. ట్రంప్ జవాబంతా వలసదారుల్లో నేరస్థులున్నారని, నేరాలు పెరిగాయని. పంపించాలన్నది ఆయన వైఖరి అని అప్పటికే తెలుసు. ఎలా అన్న గడి ఖాళీగానే ఉండిపోయింది. సరిహద్దు గురించి హారిస్‌ని అడిగినప్పుడూ అంతే. ఎన్నికకి ఆరు నెలల ముందు వరకు మీ ప్రభుత్వం ఎందుకు ఆగింది, మీరైతే వేరేగా చేసేవారా అన్నది ప్రశ్న. ఆమె రెండు పార్టీలు కలిసి తెచ్చిన సరిహద్దు బిల్లు గురించి, దానివల్ల వచ్చే 1,500 మంది అదనపు ఏజెంట్ల గురించి, దాన్ని ట్రంప్ అడ్డుకోవడం గురించి చెప్పారు. తర్వాత మాట ట్రంప్ ర్యాలీల మీదికి మళ్లింది. ఎందుకు ఆగారు అన్నది అక్కడే ఆగిపోయింది.

ఆ ర్యాలీల మాటతో ట్రంప్ రెచ్చిపోయి, ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వలసదారులు పెంపుడు జంతువుల్ని తింటున్నారన్నారు. నగర మేనేజర్ నమ్మదగిన ఫిర్యాదులేవీ లేవని తమతో చెప్పారని మ్యూర్ అక్కడికక్కడే సరిచేశారు. ఆ రాత్రి అందరికంటే ఎక్కువగా తిరిగిన క్లిప్ అదే. అది అబద్ధమని తెలియడం అవసరమే, ఎందుకంటే అక్కడ బతుకుతున్న మనుషుల భద్రతకి సంబంధించిన విషయం అది. కానీ మీ కాగితం మీద చూడండి. ఇమిగ్రేషన్ గురించి ఇద్దరినీ అడిగిన అసలు ప్రశ్నలు రెండూ జవాబు లేకుండానే ఉన్నాయి. క్లిప్పులే చూసినవాళ్లకి ఆ సంగతి తెలిసే దారి లేదు.

జవాబులోంచి హామీని విడదీయండి

ఏ జవాబులోనైనా నాలుగు రకాల మాటలు కలిసి ఉంటాయి. సొంత కథ, విలువలు, ఎదుటివాళ్ల మీద దాడి, చేస్తానన్న పని. రెండో గడిలోకి రావాల్సింది నాలుగోది ఒక్కటే. మధ్యతరగతి అంటే నాకు ప్రాణం అన్నది విలువ. అది నిజమే కావచ్చు, కానీ దానికి ఏ చట్టమూ ఏ బడ్జెట్టూ ఉండదు. నా మొదటి పదవీకాలం ముగిసేలోపు 30 లక్షల కొత్త ఇళ్లు కట్టిస్తాం అన్నది హామీ. అందులో సంఖ్య ఉంది, గడువు ఉంది. హారిస్ ఆ రాత్రి ఆ మాట అన్నారు. సంఖ్య, గడువు ఉన్న మాటని రేపు నిలదీయొచ్చు.

సంఖ్య చెప్పినంత మాత్రాన పూర్తయినట్టు కాదు. 6,000 డాలర్లు అన్న మాట వినగానే పిల్లలున్న ఇళ్లన్నిటికీ అనుకునే అవకాశం ఉంది. ఆమె ప్రచార పత్రాల్లో చూస్తే ఆ 6,000 బిడ్డ పుట్టిన మొదటి ఏడాదికి మాత్రమే. పదేళ్ల పాప ఉన్న ఇంటికి లెక్క వేరు. అందుకే సంఖ్య కనిపించిన ప్రతిచోటా పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టుకోండి: ఎవరికి, ఎన్నాళ్లు? మర్నాడు అభ్యర్థి వెబ్‌సైట్ చూసి దాన్ని తీసేయొచ్చు.

హామీ లేదని తేలడం కూడా విలువైన సమాచారమే. ఒబామా కేర్‌ని (ఒబామా హయాంలో వచ్చిన ఆరోగ్య బీమా చట్టాన్ని) తీసేసి దాని బదులు ఏం తెస్తారో ప్రణాళిక ఉందా అని రెండో యాంకర్ లిన్సీ డేవిస్ అడిగినప్పుడు, ట్రంప్ తన దగ్గర ప్రణాళికకి సంబంధించిన ఆలోచనలు ఉన్నాయన్నారు. కాన్సెప్ట్స్ ఆఫ్ ఎ ప్లాన్ అన్నది ఆయన మాట. ఇంతకంటే మంచిది, చవకైనది దొరికితేనే మారుస్తాననీ, అప్పటిదాకా ఉన్నదాన్ని నడుపుతాననీ చెప్పారు. జనం మొదటి మాట దగ్గరే ఆగిపోయారు. మీకు ఒబామా కేర్ బీమా ఉంటే ముఖ్యమైనది రెండో మాట. వెంటనే తీసేస్తాననలేదు, బదులు సిద్ధంగా లేదు, మార్చడానికి తలుపు తెరిచే ఉంచారు. ఈ మూడింటినీ అలాగే రాసుకోండి. ఏ ఒక్కటి వదిలేసినా అది ఆయన వైఖరి కాదు, మీ ఊహ అవుతుంది.

క్రియాపదం మీద కన్నేసి ఉంచండి

నాకు ఈ డిబేట్‌లో అన్నిటికంటే నేర్పించేదిగా అనిపించింది గర్భస్రావ హక్కు మీద జరిగిన సంభాషణ. దాన్ని కాస్త నెమ్మదిగా చూద్దాం.

2022 జూన్‌లో సుప్రీం కోర్టు, దేశమంతటా గర్భస్రావ హక్కుని కాపాడిన పాత రో వర్సెస్ వేడ్ తీర్పుని రద్దు చేసింది. నిర్ణయం రాష్ట్రాలకి వెళ్లింది. దేశమంతటికీ వర్తించే నిషేధ చట్టం వస్తుందా అన్న భయం అప్పట్నుంచీ ఉంది. ట్రంప్ ఆ రాత్రి తాను నిషేధం మీద సంతకం చేయనన్నారు. ఇది విన్న చాలామందికి విషయం తేలిపోయినట్టే అనిపించింది. డేవిస్ అక్కడ ఆగలేదు. అలాంటి బిల్లు వస్తే వీటో చేస్తారా, అంటే తిరస్కరించి వెనక్కి పంపుతారా అని అడిగారు. ఆ అవసరమే రాదన్నారు ట్రంప్. అవునో కాదో చెప్పండి, వీటో చేస్తారని మీ ఉపాధ్యక్ష అభ్యర్థి జేడీ వాన్స్ చెప్పారు కదా అని మళ్లీ అడిగారు. నేను జేడీతో ఆ విషయం మాట్లాడలేదన్నారు.

సంతకం చేయకపోవడం వేరు, వీటో వేరు. అమెరికా రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్ (అక్కడి పార్లమెంట్) పంపిన బిల్లు మీద అధ్యక్షుడు ఆదివారాలు మినహాయించి పది రోజుల్లో సంతకమూ చేయక, వెనక్కీ పంపకపోతే, కాంగ్రెస్ సమావేశాల్లో ఉన్నంతవరకు ఆ బిల్లు దానంతటదే చట్టమైపోతుంది. అంటే సంతకం చేయను అన్న మాట నిషేధాన్ని ఆపుతుందన్న హామీ కాదు. వీటో చేస్తాను అన్నది హామీ. డేవిస్ రెండుసార్లు అడిగింది ఇందుకే. ఆ రాత్రి మీ గడిలో రాయాల్సింది: సంతకం చేయనన్నారు, వీటో మీద జవాబు లేదు. మూడు వారాల తర్వాత, అక్టోబర్ 1న, వాన్స్‌కీ, హారిస్ ఉపాధ్యక్ష అభ్యర్థి టిమ్ వాల్జ్‌కీ డిబేట్ జరుగుతుండగా ట్రంప్ తాను వీటో చేస్తానని పోస్ట్ పెట్టారు. అప్పుడు ఆ గడిని తేదీతో సహా మార్చుకోవాలి. వైఖరి మారుతుంది, మారితే రాసుకోవాలి. మారకముందు ఏముందో కూడా చెరపకుండా ఉంచాలి.

హారిస్ వైపు కూడా ఇదే జాగ్రత్త కావాలి. గర్భస్రావం మీద ఎలాంటి పరిమితులనైనా సమర్థిస్తారా అని అడిగితే, రో తీర్పు ఇచ్చిన రక్షణలని తిరిగి తెస్తానన్నారు. ఇది సూటిగా కనిపిస్తుంది, కానీ పరిమితుల ప్రశ్నకి జవాబు అందులో దాగి ఉంది. రో కింద, బిడ్డ తల్లి గర్భం బయట బతకగలిగే దశ, అంటే సుమారు 24 వారాలు దాటాక, తల్లి ప్రాణానికీ ఆరోగ్యానికీ మినహాయింపు ఉంచి రాష్ట్రాలు నిషేధించవచ్చు. ఆ సంగతి తెలిసినవాళ్లకి ఆమె జవాబు అర్థమవుతుంది, తెలియనివాళ్లకి దాటవేతలా వినిపిస్తుంది. కాబట్టి అభ్యర్థి ఒక పాత చట్టం పేరో, తీర్పు పేరో చెప్పి ఆగిపోతే, అందులో ఏముందో మర్నాడు చదవండి.

ఎదుటివాళ్లు పెట్టిన పేరుని నమ్మకండి

ట్రంప్ సేల్స్ టాక్స్ అని హారిస్ పదేపదే అన్నారు. నేను సేల్స్ టాక్స్ ఏదీ తేవట్లేదని ట్రంప్ ఖండించారు. ఇద్దరి మాటలూ విన్నవాళ్లకి తల తిరిగి ఉంటుంది. విషయమేమిటంటే, దిగుమతుల మీద సుంకాలు వేస్తానని ట్రంప్ ప్రచార సభల్లో స్వయంగా చెప్పారు, దాదాపు అన్ని దేశాల సరుకుల మీదా 10 నుంచి 20 శాతం వరకు. ఆయన వైఖరి అది. దాన్ని సేల్స్ టాక్స్ అనడం హారిస్ చేసిన విమర్శ. ఆ సుంకం అమెరికా జనం కట్టరు, ఇతర దేశాలే కడతాయనడం ట్రంప్ చేసిన సమర్థన. కస్టమ్స్ దగ్గర సుంకం కట్టేది సరుకు తెప్పించుకునే అమెరికా కంపెనీ. దానిలో ఎంత భాగం కొనేవాళ్ల మీద పడుతుంది, ఎంత భాగం అమ్మే దేశం తగ్గించుకుంటుంది అన్నది ఆర్థికవేత్తల లెక్క.

రెండో గడిలో ఏం రాయాలి? సుంకం, 10 నుంచి 20 శాతం, అన్ని దేశాల మీద. అంతే. ఆరోపణని ఆరోపించినవాళ్ల పేరుతో పక్కన రాయండి, సమర్థనని సమర్థించినవాళ్ల పేరుతో రాయండి. ఒక అభ్యర్థి వైఖరి అభ్యర్థి నోటి నుంచో, సంతకం పెట్టిన పత్రం నుంచో మాత్రమే రావాలి. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ దాదాపు అన్ని దేశాల మీదా కనీసం 10 శాతం సుంకం ప్రకటించారు. ఆ గడి సరిగ్గా నింపుకున్నవాళ్లకి అది పెద్ద ఆశ్చర్యం కాలేదు. సరుకులు తెప్పించుకుని ఇండియన్ కిరాణా కొట్టు నడిపేవాళ్లకి ఆ ముందస్తు సమాచారం ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు.

ఫ్యాక్ట్ చెక్‌ల విషయంలో కూడా ఒక మాట. పొలిటిఫ్యాక్ట్, ఫ్యాక్ట్‌చెక్ డాట్ ఆర్గ్ లాంటివి చదవండి, మంచిదే. కానీ అవి చెప్పేది ఒక వాక్యం నిజమా కాదా అని. ఆ అభ్యర్థి ఏం చేస్తారో అవి చెప్పవు. నూరు శాతం నిజాలే మాట్లాడి ఒక్క హామీ కూడా ఇవ్వకుండా వెళ్లిపోవచ్చు.

పాత మాటని పక్కన పెట్టి చూడండి

ఇది మర్నాటి పని. దీనికి పూర్తి ట్రాన్స్‌క్రిప్ట్ కావాలి. ఏబీసీ న్యూస్ ఆ డిబేట్ పూర్తి పాఠాన్ని పెట్టింది. డిబేట్ నిర్వహించిన ఛానెళ్లు సాధారణంగా అలా పెడతాయి, పాత వీడియోలకి, రాజకీయ కార్యక్రమాలని ప్రసారం చేసే సీ-స్పాన్ ఛానెల్ ఉంది. వీడియో మళ్లీ చూడటం కంటే పాఠం చదవడం మంచిది. చదివేటప్పుడు గొంతు, నవ్వు, చేతుల ఊపు ఉండవు, మాట ఒక్కటే మిగులుతుంది.

ఫ్రాకింగ్ (నేల లోతుల్లోని రాతిని చీల్చి చమురు, సహజవాయువు తీసే పద్ధతి) సంగతి తీసుకోండి. డేవిస్ హారిస్‌ని మూడు పాత వైఖరుల గురించి అడిగారు: ఫ్రాకింగ్ నిషేధం, అసాల్ట్ రకం తుపాకులని ప్రభుత్వం తప్పనిసరిగా వెనక్కి కొనడం, సరిహద్దు దాటడాన్ని నేరం కాకుండా చేయడం. ఎందుకు మారారు? అన్నిటి గురించీ చెబుతానంటూ మొదలుపెట్టి హారిస్ ఫ్రాకింగ్ గురించి చెప్పారు. నిషేధించను, ఉపాధ్యక్షురాలిగా నిషేధించలేదు, కొత్త లీజులకి దారి తీసిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్‌కి నిర్ణాయక ఓటు నాదే, 2020లోనే ఈ విషయం స్పష్టం చేశాను అన్నారు. తర్వాత మాట సొంత ఇంటి మీదికి వెళ్లింది. మిగతా రెండు ఆ జవాబులో రాలేదు. తుపాకుల గురించి తర్వాత వేరే సందర్భంలో, తానూ వాల్జ్ కూడా తుపాకులున్నవాళ్లమేనని, ఎవరి తుపాకులూ లాక్కోమని చెప్పారు.

ఇప్పుడు ఐదో గడి నింపండి. 2019 సెప్టెంబర్‌లో సీఎన్ఎన్ వాతావరణ కార్యక్రమంలో ఆమె ఫ్రాకింగ్ నిషేధానికి తాను అనుకూలమని నిస్సందేహంగా చెప్పారు. 2020 అక్టోబర్‌లో ఉపాధ్యక్ష డిబేట్‌లో అన్నది ఏమిటంటే, జో బైడెన్ ఫ్రాకింగ్‌ని నిషేధించరు అని. అది బైడెన్ వైఖరి, తన సొంత అభిప్రాయం మారిందని అక్కడ చెప్పలేదు. అంటే 2020లోనే స్పష్టం చేశాననడం పూర్తిగా నిలబడదు. మరోవైపు 2022లో ఆ చట్టాన్ని 51–50తో గట్టెక్కించిన ఓటు వేసిన మాట నిజం. మాట ఒకటి, చేత ఒకటి, రెండూ తేదీలతో కనిపిస్తున్నాయి. పెన్సిల్వేనియా సహజవాయువు ఉత్పత్తిలో టెక్సస్ తర్వాతి రాష్ట్రమనీ, అధ్యక్షుడిని తేల్చే ఎలక్టోరల్ ఓట్లు 19 ఉన్న రాష్ట్రమనీ, డిబేట్ జరిగింది అక్కడేననీ కలిపి చూస్తే, మార్పు వెనక ఒత్తిడి ఏమిటో అర్థమవుతుంది.

వైఖరి మార్చుకోవడం దానంతటదే తప్పు కాదు. నా లెక్కలో అడగాల్సింది: కారణం చెప్పారా? చెప్పిన కారణం ఎన్నిక అయిపోయాక కూడా నిలిచేదేనా? హారిస్ చెప్పినట్టు, నా విలువలు మారలేదు అన్నది కారణం కిందికి రాదు. ట్రంప్‌నీ ఇలాగే చూడాలి. ఆరోగ్య బీమా మీద ఆయన ఏళ్ల తరబడి మెరుగైన ప్రణాళిక వస్తోందని చెబుతూనే ఉన్నారు. ఐదో గడిలో ఆ మాటలన్నీ వరసగా రాస్తే, డిబేట్‌లో ఆయన ఇచ్చిన, త్వరలోనే వింటారు అన్న జవాబుకి ఎంత బరువు ఇవ్వాలో మీకే తెలుస్తుంది.

అది ఎవరి చేతిలో ఉంది?

నాలుగో గడిని చాలామంది వదిలేస్తారు. మన దగ్గర అసెంబ్లీలో మెజారిటీ ఉన్న ముఖ్యమంత్రి అనుకుంటే చట్టం తేగలరు. ఆ అలవాటుతో అమెరికా అధ్యక్షుడిని చూస్తే పొరపాటు పడతాం. పన్ను తగ్గింపు కాంగ్రెస్ చేయాలి. రో రక్షణలని చట్టంగా తేవాలంటే కాంగ్రెస్ కావాలి, సెనేట్‌లో సాధారణంగా 60 ఓట్లు కావాలి. హారిస్‌కి ఆ ఓట్లు ఎప్పటికీ రావని ట్రంప్ డిబేట్‌లో అన్నది విమర్శే అయినా, సరైన చోట పెట్టిన వేలు. ఆ తర్వాత కొద్ది రోజులకి హారిస్ ఆ ఒక్క విషయంలో ఫిలిబస్టర్ నియమాన్ని, అంటే ఆ 60 ఓట్ల అవసరాన్ని, తీసేయాలన్నారు. అప్పుడు నాలుగో గడి నిండింది.

సుంకాలు వేరు. అక్కడ అధ్యక్షుడికి కాంగ్రెస్ ఇచ్చిన అధికారాలున్నాయి, ట్రంప్ వాటినే ఆధారంగా చూపారు, వాటి పరిధి మీద కేసులు కోర్టులకెక్కాయి. సరిహద్దు ఆంక్షలు, బహిష్కరణలు, వీసా నియమాల్లో కూడా అధ్యక్షుడు సొంతంగా చాలా చేయగలరు. ఈ గడి నింపితే ఏ హామీ మొదటి నెలలోనే రావచ్చో, ఏది సెనేట్ ఎన్నికల మీద ఆధారపడి ఉందో విడిపోతుంది. రెండో రకం హామీ మీకు ముఖ్యమైతే మీ రాష్ట్ర సెనేట్ అభ్యర్థి డిబేట్ కూడా అంతే శ్రద్ధగా చూడాలి.

విదేశాంగం విషయంలో ఒక చిన్న మినహాయింపు. అక్కడ దాటవేతే కొన్నిసార్లు వైఖరి. ఉక్రెయిన్ గెలవాలని కోరుకుంటున్నారా అని మ్యూర్ రెండుసార్లు అడిగారు, యుద్ధం ఆగాలని కోరుకుంటున్నానని ట్రంప్ రెండుసార్లూ అన్నారు. గెలుపు ఆయనకి కొలమానం కాదని అందులోనే ఉంది. గాజా మీద హారిస్ ఇజ్రాయెల్‌కి ఆత్మరక్షణ హక్కు, కాల్పుల విరమణ, బందీల విడుదల, రెండు దేశాల పరిష్కారం అన్నీ చెప్పారు. ఆగిపోయిన చర్చలని ఎలా కదిలిస్తారన్న ప్రశ్నకి కొత్తది చెప్పలేదు. అంటే బైడెన్ దారే అని చదువుకోవచ్చు.

అడగని ప్రశ్నకి జవాబు వెతకండి

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం హెచ్-1బీ, గ్రీన్ కార్డు. ఆ గంటన్నరలో దాని గురించి ఒక్క ప్రశ్న రాలేదు. ఇమిగ్రేషన్ అంటే సరిహద్దే అన్నట్టు చర్చ నడిచింది. డిబేట్‌లో రాలేదు కాబట్టి వాళ్లకి వైఖరి లేదనుకోకండి. బయట వెతకాలి, వెతికే చోట్లు ఇవి.

మొదట పెట్టిన బిల్లులు, వేసిన ఓట్లు. కాంగ్రెస్ డాట్ గవ్‌లో పేరు కొడితే వస్తాయి. హారిస్ సెనేటర్‌గా ఉన్నప్పుడు 2019లో రిపబ్లికన్ సెనేటర్ మైక్ లీతో కలిసి ఎస్.386 అన్న బిల్లు ప్రవేశపెట్టారు. ఉద్యోగాల కోటా గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితిని తీసేసే బిల్లు అది. మన వాళ్ల దశాబ్దాల నిరీక్షణకి మూలం ఆ పరిమితే. బిల్లు చట్టం కాలేదు. ఆమె ఉపాధ్యక్షురాలిగా ఉన్న నాలుగేళ్లలో కూడా పరిమితి అలాగే ఉంది. రెండూ రాసుకోండి.

తర్వాత అధికారంలో ఉన్నప్పుడు ఇచ్చిన ఆదేశాలు. ట్రంప్ 2020 జూన్ 22న ఇచ్చిన ప్రకటనతో కొత్త హెచ్-1బీల మీద దేశంలోకి రావడాన్ని ఆ ఏడాది చివరి వరకు ఆపారు. ఆ తర్వాత ఇంటర్వ్యూలు. 2024 జూన్‌లో ఒక పాడ్‌కాస్ట్‌లో, అమెరికా కాలేజీల్లో చదువు పూర్తిచేసిన విదేశీ విద్యార్థులకి డిప్లొమాతో పాటే గ్రీన్ కార్డు ఇవ్వాలన్నారు ట్రంప్. కొన్ని గంటల్లోనే ఆయన ప్రచార బృందం, గట్టి వడపోత తర్వాత అత్యంత నైపుణ్యం ఉన్నవాళ్లకే అని సర్దుబాటు చేసింది. మన గ్రూపుల్లో మొదటి మాట తిరిగినంతగా ఆ సర్దుబాటు తిరగలేదు.

ఒకే మనిషి నుంచి ఎదురెదురు దిశల్లో రెండు ఆధారాలున్నప్పుడు ఏది ఎక్కువ బరువు? అధికారం చేతిలో ఉన్నప్పుడు చేసిన పనికి నేను ఎక్కువ బరువిస్తాను, ప్రచారంలో అన్న మాటకి తక్కువ. 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుం విధిస్తూ ట్రంప్ ప్రకటన వచ్చింది. అలాంటిది వస్తుందని ఎవరూ ముందే లెక్కగట్టి చెప్పలేకపోయి ఉండొచ్చు, కానీ 2020 ఆదేశాన్ని ఐదో గడిలో రాసుకున్నవాళ్లు పాడ్‌కాస్ట్ మాట ఒక్కటే నమ్ముకుని కూర్చోలేదు.

మీరే అడగండి

డిబేట్ యాంకర్లు మన ప్రశ్న అడగకపోతే, అడిగే అవకాశం మనకీ ఉంది. కాంగ్రెస్, సెనేట్ అభ్యర్థులు టౌన్ హాల్స్ పెడతారు, మన సంఘాల సభలకీ, గుడి కార్యక్రమాలకీ వస్తారు. అలాంటప్పుడు ఫొటోలతో, శాలువాతో సరిపెట్టకండి. ఇద్దరు ముగ్గురు ముందే అనుకుని ఒక్క ప్రశ్న తయారుచేయండి. ఓటు హక్కు లేనివాళ్లు కూడా అడగొచ్చు, వాళ్ల పిల్లలు చాలామంది రేపటి ఓటర్లే.

ప్రశ్న ఎలా ఉండాలంటే, ఉపన్యాసానికి చోటివ్వకూడదు. ఇమిగ్రేషన్ మీద మీ అభిప్రాయం ఏమిటని అడిగితే కథ, విలువలు, దాడి అన్నీ వస్తాయి. ఇలా అడగండి: "గ్రీన్ కార్డుల్లో దేశానికి 7 శాతం పరిమితిని తీసేసే బిల్లు వచ్చే కాంగ్రెస్‌లో వస్తే మీరు అనుకూలంగా ఓటేస్తారా, వ్యతిరేకంగా ఓటేస్తారా?" అవునంటే వెంటనే రెండోది: "ఆ బిల్లు ప్రవేశపెట్టేవాళ్లలో మీ పేరు ఉంటుందా?" ఇంకా సమయం ఉంటే మూడోది: "మీ పార్టీ నాయకత్వం వద్దన్నా?" జవాబుని తేదీ, ఊరు వేసి, వాళ్ల మాటల్లోనే రాసి, వీలైతే వీడియో తీసి గ్రూపులో పెట్టండి. మీ వ్యాఖ్య దాని కింద విడిగా రాయండి.